రొట్టెల వరుసలో రిలే పందెం

“నేను వెనక్కి తిరిగి చూస్తా. చూడకుండా ఉండేది నా వల్ల కాదు. సోల్జరు పట్టుకుంటాడు. ఆమీద మన ముగ్గురి గతీ అంతే!” అంది షహర్‌బాను, పొద్దున్నే పొయ్యి కూడా వెలిగించకముందే.

కువైట్‌లో, ఫర్వానియాలోని ఆ నాలుగంతస్తుల భవనంలో ఆమె భయాలు అందరికీ అలవాటే. లిఫ్టు తెగుతుందని, ఏసీ పేలుతుందని పదేళ్ళుగా చెబుతూనే ఉంది. రెండూ జరగలేదు. ఇరాక్ సైన్యం వస్తుందని మాత్రం ఒక్కసారీ అనలేదు. అది వచ్చి కూర్చుంది.

“అన్నిటికీ భయపడితివి, ఈ ఒక్కటీ మరిచిపోతివి కదే!” అన్నాడు భర్త ఖాజా హుస్సేన్. అల్ రాయ్‌లో అతను పనిచేసే కార్ల షెడ్డు మూతపడి మూడు వారాలైంది.

పనివాళ్ళందరివిలాగే వాళ్ళ పాస్‌పోర్టులు కూడా వీసా ఇచ్చిన కువైటీ యజమాని, కఫీల్ దగ్గరే ఉన్నాయి. కఫీల్ మిష్రిఫ్‌లోని ఇల్లు వదిలి సౌదీకి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో పనిచేసే రాయచోటి మనిషి షాహజాది బీరువాలో వాటిని వెతికిపట్టి ఫోన్ చేసింది. ఊరికి పోవాలంటే జోర్డాన్ వెళ్ళే బస్సు శనివారం. పాస్‌పోర్టు లేనివాళ్ళను ఎక్కించరు. భవనం ముందున్న చెక్‌పోస్టు దాటి కొత్త మనిషిని రానివ్వరు. కలవడానికి మిగిలింది చెక్‌పోస్టు అవతల రొట్టెల దుకాణం ముందు ఆడవాళ్ళ వరుస ఒక్కటే. అక్కడా ఓ సోల్జరు తుపాకీతో నిలబడి, ఎవరు ఎవరికి ఏమిచ్చినా వరుసలోంచి లాగి సోదా చేస్తున్నాడు.

ఉపాయం చెప్పింది ఎదురింటి మిస్ ఇనెజ్. షహర్‌బాను కూతురు సైరా చదివే బడిలో ఆటల టీచరు. జమైకా దేశం తరఫున పదకొండేళ్ళు వంద మీటర్లు, రిలే పరిగెత్తిన మనిషి. మోకాలు మొరాయించాక కువైట్ వచ్చింది. మూడు పతకాలను బిస్కట్ల డబ్బాలో దాచుకుంది.

“ముందు నువ్వు, వెనక షాహజాది అత్త. చెయ్యి వెనక్కి పెట్టాల, చూడకూడదంట. రిలే అంటే అంతేనంట,” అని సైరా ఆమె ఇంగ్లీషును తెలుగు చేసింది.

వరండాలో అప్పడాల కర్రతో నాలుగు రోజులు సాధన సాగింది.

“అమ్మీ! మళ్ళీ చూస్తివి!”

“కింద పడతాదేమోనని చూసినా మ్మే!”

ఓసారి ఖాజా హుస్సేన్ కర్రకు బదులు ఐసులాంటి కీరకాయ పెట్టాడు. ఆమె పెట్టిన కేకకు కింది అంతస్తు వాళ్ళు మంచాల కింద దూరారు.

“పదకొండేళ్ళు వెనక్కి చూడకుండా ఎట్ల ఉన్నెంట? భయం కాలేదా? అడుగు మ్మే మిస్సును,” అనేది షహర్‌బాను రోజూ. సైరా అడిగేది. ఇనెజ్ “ఇంకోసారి” అని మళ్ళీ కర్ర అందించేది. కర్ర జారవిడిచి ఉంటుందని, దేశం పెద్దలు కోప్పడి తరిమేసి ఉంటారని షహర్‌బాను తేల్చుకుంది.

శుక్రవారం వరుసలో నిలబడింది. షాహజాది వచ్చి వెనక నిలబడిందో లేదో తెలియదు. సోల్జరు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. మెడ దానంతటదే తిరగబోతుంటే, ముందున్న ఆవిడ జడలో వెంట్రుకలు లెక్కపెడుతూ ఆపుకుంది. బుర్ఖా చాటున చెయ్యి వెనక్కి పెట్టింది. వెనకున్నది షాహజాది కాక వేరెవరైనా అయితే? చెయ్యి మాత్రం తీయలేదు.

అరచేతిలో గట్టిగా చుట్టిన నిన్నటి ఖుబ్జ్ రొట్టె ఒకటి పడింది. కీరకాయకు అరిచిన మనిషి ఇప్పుడు కిక్కురుమనలేదు.

తన వంతు రొట్టెలు కొని, దాన్ని వాటిలో కలిపేసి, చెక్‌పోస్టు దాటి ఇల్లు చేరింది. రొట్టె విప్పితే మూడు పాస్‌పోర్టులు! ఖాజా హుస్సేన్ వాటిని కళ్ళకద్దుకున్నాడు. షహర్‌బాను చాప మీద కూలబడి, ఇనెజ్ వైపు చూసింది.

“ఇప్పుడన్నా చెప్పమను మ్మే. వెనక్కి చూడకుండా ఎట్ల ఉన్నెంట?”

ఇనెజ్ టీ గ్లాసు కింద పెట్టి రెండు ముక్కలు చెప్పింది. సైరా నవ్వు ఆపుకోలేక దుపట్టా నోట్లో కుక్కుకుంది.

“ఏమంట మ్మే?”

“ముందే చెప్పింటే నువ్వు మాట వినేదానివి కాదంట అమ్మీ. మిస్సుది ఎప్పుడూ మొదటి పరుగేనంట. కర్ర ఇచ్చిందే గానీ, ఒక్కసారి కూడా అందుకోలేదంట!”