పాటలో పోయిన అమ్మ

కొడుకు ఫింటన్ పాడిన పాటలో అమ్మ జుట్టు వెండిలా మెరుస్తుంది. అందుకని డీలియా తలకి రంగేసుకోకూడదు. పాటలో అమ్మ గడ్డికప్పు ఇంటి గుమ్మంలో నిలబడి, లండన్ వెళ్లిన బిడ్డ కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తుంది. అందుకని కప్పు కారుతున్నా, పొయ్యి పొగకి దగ్గొస్తున్నా ఆ ఇల్లు వదలకూడదు. నిజానికి ఫింటన్ లండన్ మొహమే చూడలేదు. నలభై దగ్గరపడుతున్నా అమ్మ వండిందే తింటున్నాడు. అయినా ఆ పాట విని ఐర్లండ్ నలుమూలల నుంచీ ఆడవాళ్లు బస్సుల్లో వచ్చి, గుమ్మంలో డీలియాని చూసి ఏడ్చి వెళ్లేవారు.

అంతలో దగ్గర్లోని ఊరు బెల్‌ముల్లెట్‌లో కౌన్సిల్ వాళ్లు ఆమెకో చిన్న ఇల్లు ఇస్తామన్నారు. కుళాయి తిప్పితే వేడినీళ్లు. పక్కింట్లోనే పేకాట స్నేహితురాళ్లు. డీలియాకి ప్రాణం లేచొచ్చింది.

"ఒరేయ్, వచ్చే పాటలో నన్ను చంపెయ్‌రా, పీడా పోతుంది. నా మానాన నేను వెచ్చగా బతుకుతాను," అంది.

ఫింటన్ చంపాడు. పాపం, చాలా అందంగా చంపాడు. ఆ రికార్డు రేడియోలో, పెళ్లిళ్లలో మోగిపోయింది. బస్సులు రెట్టింపై, పూలగుత్తులతో రావడం మొదలెట్టాయి.

"ఇంక వెళ్తానురా."

"ఎక్కడికమ్మా? బస్సులన్నీ భోజనానికి ఆగేది ఆ ఊళ్లోనే. పోయినదానివి సంచీ పట్టుకుని బజార్లో కనిపిస్తే నా గతేం కాను? కొన్నాళ్లు వెనక గదిలో ఉండు. బస్సొచ్చినప్పుడు దగ్గకు, అంతే."

శుక్రవారం లోగా తాళం తీసుకోకపోతే ఇల్లు ఇంకొకరికిస్తామని కౌన్సిల్ కబురంపింది. ఆ శుక్రవారమూ బస్సొచ్చింది. గోడ అవతల ఆడవాళ్లు ఆమె చావుపాట ఎత్తుకున్నారు. వింటుంటే డీలియాకే ఏడుపొచ్చింది, దాంతో ఒళ్లు మండిపోయింది. తలుపు తోసుకుని బయటికొచ్చింది.

పాట ఆగిపోయింది. ఫింటన్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మా పిన్ని," అన్నాడు గబగబా. "అమ్మకి చెల్లెలు. అమ్మ పోయాక ఈ ఇల్లు కనిపెట్టుకుని ఇక్కడే ఉంటోంది. ఎక్కడికీ వెళ్లదు."

"అచ్చు అక్క పోలికే!" అన్నారెవరో.

నేనే అమ్మనని చెప్పడానికి డీలియా నోరు తెరిచింది. కొడుకు కళ్లు బతిమాలుతున్నాయి. చిన్నప్పుడు జ్వరమొస్తే ఇలాగే చూసేవాడు. ఆమె వెళ్లి అందరికీ టీ పెట్టింది.

ఆడవాళ్లు వరసగా వచ్చి చెయ్యి పట్టుకుని పరామర్శించారు. ఒకావిడ వదల్లేదు. "అదృష్టవంతురాలండీ మీ అక్క. ఇలాంటి కొడుకుండగా, ఏ కోరికా మిగలకుండా పోయుంటుంది."

"ఒక్కటి మిగిలిందమ్మా. ఊళ్లో వెచ్చటి ఇంట్లో ఉండాలని మహా ఆశ పడింది."

"అయ్యో! మరి వెళ్లలేకపోయిందా?"

"బతికుంటే వెళ్లేదే," అంది డీలియా, ఫింటన్ టీలో పంచదార వేసి కలుపుతూ.