పళ్ళ వాషర్లు

ముద్దకట్టెతో రాగిపిండి కెలుకుతోంది హనుమక్క. ఎడమచేతి చిటికెన వేలికి గుడ్డ చుట్టి ఉంది. నిన్న మొగుడు శ్రీరామప్ప ఆ వేలును దుకాణం బల్ల మీద పెట్టించి సుత్తితో కొట్టాడు.

"కంపెనీకి పోతావా? పో, ఈ వేలేసుకోని పో!"

బేతమంగళ బస్టాండు పక్కన స్ప్రేయర్లు, మిక్సీలు బాగుచేసే దుకాణం అతనిది. కడ్డీ చివర నెట్టి ఎక్కించే పళ్ళ వాషరు ఒకటుంటుంది. లోపలి పళ్ళు కడ్డీని కరిచి పట్టుకుంటాయి. దాన్ని దించడం మాత్రం అతని చేతనయ్యేది కాదు. పట్టి పీకేవాడు, పళ్ళు విరిగేవి, పెళ్ళాన్ని తిట్టేవాడు. ఎనిమిదేళ్ళుగా వాటిని తీసేది ఆమె, పనిమంతుడన్న పేరు అతనిది. పోయినవారం పక్కింటి మునివెంకటమ్మ వెంట నరసాపురం పోయి, ఒక కంపెనీలో పది వాషర్లు తీసి చూపించింది. ఒక్కటీ చెడలేదు. "సోమవారం రెండో షిఫ్టుకు వచ్చేయమ్మా" అన్నాడు సూపర్‌వైజరు. ఇవాళే సోమవారం. కంపెనీ బస్సు ఒంటిగంటకు ఊరి బయట రోడ్లు కలిసే క్రాసు దగ్గర ఆగుతుంది. ఇవాళ పోకపోతే ఆ పని ఇంకొకరిది.

పొద్దున్నే ఆమెను వంటింట్లోకి తోసి బయట తాళం వేశాడు. "ముద్ద చేసి పెట్టు. పన్నెండున్నరకు వస్తా."

రెండేళ్ళ కిందట ఇలాగే తాళం వేస్తే, ఆమె తలుపు బందుల కడ్డీలు లోపలినుంచి తట్టి తీసి, దాన్ని ఊడదీసుకొని పుట్టింటికి పోయింది. జుట్టు పట్టి ఈడ్చుకొచ్చాక అతను మూడు బందులకూ కొత్త కడ్డీలు వేసి, ఒక్కోదాని కింద పళ్ళ వాషరు ఎక్కించాడు. "ఒగసారి ఎక్కినాదంటే ఇంగ దిగదు. నీ మాదిరే" అని నవ్వాడు. తన దుకాణంలో వాటిని దించేది ఎవరో అతను మరిచాడు. దెబ్బలు తినీ తినీ ఆమెకూ మళ్ళీ ఆ తలుపు మీద చెయ్యి వేయాలన్న ఆలోచన రాలేదు. నిన్న సుత్తి పడ్డాకే, ఇంత కసిగా కొట్టాడంటే ఈ చేతిలో ఏదో ఉందన్నమాట, అనిపించింది.

పొయ్యి ఆర్పింది. బందుకు నూనె చుక్క వేసింది. తలపిన్నుతో ఒక్కో పల్లునూ వెంట్రుకంత ఎత్తి, పట్టకారుతో అంచు పట్టుకొని, పీకకుండా, మరను విప్పినట్టు తిప్పుతూ దించింది. విరిగిన వేలు తగిలినప్పుడల్లా కళ్ళు చీకట్లు కమ్మాయి. ఆ నవ్వును, ఆ నోటిని ఇదే పట్టకారుతో పట్టి మెలిపెట్టాలనిపించింది. పట్టు మాత్రం వాషరు మీదే ఉంచింది. మూడూ దిగాయి. కడ్డీలు బయటికి లాగింది.

అంతలో బండి చప్పుడు. తాళం తీసిన శబ్దం. ఆమె పక్కకు జరిగింది. అతనెప్పుడూ తలుపు చేత్తో తెరవడు.

తన్నాడు. తలుపు తలుపంతా లోపలికి పడింది, దాంతోపాటు అతనూ. దవడ రుబ్బురోలు అంచుకు కొట్టుకుంది. నోరంతా రక్తం.

"లేపే... హనుమక్కా, లేపే!"

ఆమె వంగి, అరచేయి అతని కళ్ళ ముందు చాచింది. మూడు వాషర్లు.

"చూడు. ఒగ పల్లన్నా ఇరిగిందా?"

అతను ఉమ్మిన రక్తంలో తెల్లగా ఏదో మెరిసింది. ఆమె వాషర్లను కొంగున ముడివేసుకుంది.

"ముద్ద పొయ్యి మీద ఉండాది. నమలాల్సిన పని లేదు, మింగు."

తలుపు మీదుగా నడిచి క్రాసు వైపు వెళ్ళిపోయింది.