జాగా మారే మొక్కలు

యాకుత్‌పురా స్టేషను వెనక గల్లీలో, రోడ్డుకూ ఇళ్ల గోడలకూ మధ్య సన్నటి మట్టిపట్టీ ఒకటి ఉంది. మునుపు దాంట్లో పగిలిన టైల్సు, చెత్త సంచులు పడి ఉండేవి. సుజన ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక కొంచెం కొంచెం తవ్వింది. ఎర్రమట్టి పోసి మేకల పెంట కలిపింది. బండ్లు ఎక్కించకుండా అంచున ఇటుకలు పాతింది. బంతి, మందార, గోరింట, కరివేపాకు నాటింది. రోజూ ఆఫీసుకు పోయేముందు నీళ్లు పోసేది.

వేర్లు పట్టుకున్నాక మొక్కలు జాగాలు మారడం మొదలుపెట్టాయి. పొద్దున ఇంటి ముందున్న మందార మధ్యాహ్నానికి ఏ చివరి ఇంటి దగ్గరో నిలబడేది. గల్లీవాళ్లకు అదొక వింత కాలేదు.

"కరివేపాకు ఎటు పోయిందే సుజనా?" అని పక్కింటి నీలమ్మ పొయ్యి మీద పోపు పెట్టి వచ్చి అడిగేది.

"బోరింగు కాడున్నది అక్కా."

ఆవిడ పోయి రెబ్బ తెంపుకొచ్చేది. అంతే.

సుజన భర్త డానియేలుకు మాత్రం అంతటితో సరిపోలేదు. అతనిది రైల్వేలో పట్టాల పని. పనిమీద ఉండగా జారిపడి తొడ ఎముక విరిగింది. అది అతుక్కుంది, ఇక నడవమని డాక్టరు చెప్పాడు. కానీ కాలు కింద మోపితే చాలు, ఆనాడు ఎముక విరిగిన చప్పుడే చెవిలో వినబడేది. కిటికీ పక్క మంచం మీదే ఉండిపోయాడు. ఇట్లాగే ఉంటే డ్యూటీకి పనికిరాడని తేల్చేస్తారని ఇద్దరికీ తెలుసు. సుజన ఆ మాట ఎత్తలేదు.

"అవి ఎట్ల పోతున్నయే?" అన్నాడు ఒకనాడు.

"ఏమో. నేను నీళ్లు పోస్తున్న, గంతే."

"వేర్లు పీక్కొని పోతే గుంత గిట్ల పడాలె గదా."

"నువ్వే చూసి చెప్పు. నాకు టైమైతున్నది."

ఆ రోజు కిటికీలోంచి బంతి ఒక్కటే కనబడింది. దానివైపే చూస్తూ కూర్చున్నాడు. రెప్ప కొట్టేసరికి అది లేదు. మట్టి కూడా చెదరలేదు. మర్నాడు గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. అక్కణ్ణించి గోరింట కూడా కనబడింది. కానీ ఒకదాన్ని కనిపెట్టుకుని ఉంటే రెండోది జారుకునేది. తర్వాత కర్ర ఊతంతో మడి దగ్గరికే దిగి, ఇటుకల మీద కూర్చుని కలుపు తీస్తున్నట్టు నటించాడు. మొక్కలు మోసపోలేదు.

"ఏంది తమ్మీ, దొంగను పట్టేటట్టు కూసున్నవ్?" అంది నీలమ్మ.

"ఎట్ల పోతున్నయో చూద్దామని అక్కా."

"పోతే పోనియ్యి. ఆ గోరింట ఎండుతున్నది, ముందు నీళ్లు పోయి."

పోశాడు. అప్పటి నుంచి నీళ్ల పని అతనిదే అయింది. ఏ మొక్క ఎక్కడుందో వెతుక్కుంటూ మొదట చెంబుతో, తర్వాత బకెట్టుతో తిరిగేవాడు. అవి దూరం జరిగేకొద్దీ అతనూ దూరం పోయేవాడు.

ఒక సాయంత్రం సుజన ఆఫీసు నుంచి వస్తుంటే గల్లీ మొదట్లోనే ఎదురుపడ్డాడు, నిండు బకెట్టుతో.

"ఇయ్యాల కొంచెం చూసిన," అన్నాడు ఆయాసపడుతూ. "ముందు ఆకులు వంగినయి."

"తర్వాత?"

"ఆటోవాడు హారన్ కొట్టిండు. అటు చూసిన."

సుజన అతని చేతుల వైపు చూసింది. "నీ కర్ర ఏది?"

డానియేలు ఆలోచించాడు. "నిన్ననో మొన్ననో యాడనో పెట్టిన," అని, ఖాళీ అయిన మందార జాగా చూసి, "ఆగు, గిటే పోయుంటది," అంటూ మలుపు తిరిగాడు. సుజన పిలవలేదు. పిలిస్తే కాలు సంగతి గుర్తొస్తుందేమోనని భయపడింది.

సోమవారం రైల్వే ఆస్పత్రిలో నడిచి చూపించమన్నారు. డానియేలు వరండా చివరిదాకా నడిచి, అక్కడ కుండీలో ఉన్న క్రోటన్ ముందు ఆగి, రెప్ప వేయకుండా దాన్నే చూడసాగాడు. డ్యూటీలో చేరవచ్చని సంతకం పెట్టేసిన డాక్టరు, రెండుసార్లు పిలిచి, తనే అక్కడిదాకా వచ్చాడు.

"ఏం చూస్తున్నవయ్యా?"

"ఇది కూడా పోతదా సారూ?"

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుని, కుండీ వైపు వంగాడు.