గీతకి ఇవతల బస్సు

డ్యూటీ దిగగానే కండక్టరమ్మ టికెట్ల మిషన్ అప్పజెప్పి, కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, సంచిలోంచి సుద్దముక్క తీసుకుని డిపో వెనకవైపుకి నడుస్తుంది. అక్కడ కాలం చెల్లిన బస్సొకటి పడుంది. ఇంజిను పీకేశారు. టైర్లలో గాలి లేదు. సీట్లలో స్పాంజి ఎలకలు తిన్నది పోగా మిగిలింది. సాయంత్రమయ్యేసరికి ఆ బస్సు నిండా పిల్లలు. బస్సులు కడిగేవాళ్ళ పిల్లలు, టీకొట్ల పిల్లలు, మెకానిక్కుల పిల్లలు. బడికి పోయేవాళ్ళకి అక్కడ టీచరు లేడు. పనికి పోయేవాళ్ళకి అసలు బడే లేదు. డ్రైవరు సీటు వెనక రేకుమీద సుద్దతో రాసి చెప్పే ఈమెని వాళ్ళంతా టికెట్టక్క అంటారు.

పిల్లల్లో ఎవరికైనా కొత్త సంగతి అర్థమైతే ఆ బస్సు జానెడు ముందుకు జరుగుతుంది. కిర్రుమని, తాపీగా, ముసలివాళ్ళు మంచంమీద అటునుంచి ఇటు ఒత్తిగిల్లినట్టు.

ఎందుకు జరుగుతుందని ఎవరూ అడగలేదు. "ఇంజిన్లున్నవాటిని తొయ్యలేక మా నడుములు పడిపోతుంటే, దీనికి ఎక్కాలు పోస్తే చాలు" అని మెకానిక్కులు నవ్వుకునేవాళ్ళు. వాచ్‌మన్ తాత పొద్దున్నే చక్రాలు చూసి, "నిన్న బాగా చెప్పినట్టున్నావమ్మా, మూరెడు కదిలింది" అనేవాడు. టికెట్టక్కకి జీతం పెరిగినంత సంబరంగా ఉండేది.

ఒకరోజు మేనేజరు పిలిపించాడు.

"నువ్వు చేసేది మంచిపనేనమ్మా, నేనేం కాదనట్లేదు. కానీ ఆ పసుపు గీత చూశావా? దాని అవతల బళ్ళు బయటికెళ్ళే దారి. నీ బస్సు ముందు చక్రానికీ దానికీ మధ్య జానెడు కూడా లేదు. గీత దాటిన రోజున తుక్కుకి పంపెయ్యమని పైనుంచి ఆర్డరొచ్చింది."

"వెనక్కి తోయిద్దాం సార్."

"తోయించలేదనుకున్నావా? డిపో మొత్తం దిగి తోసింది. అంగుళం జరిగితే ఒట్టు. క్రేను కావాలి. తుక్కు లాగడానికైతే క్రేనిస్తారు గానీ, పిల్లల చదువుకి ఎవడిస్తాడు?"

చదువు హక్కని గోడలనిండా రాస్తారు. ఆ హక్కుని ఏ మూల నిలబెట్టుకోవాలో మాత్రం ఏ గోడమీదా రాయరు. టికెట్టక్క బయటికొచ్చింది. ఆ సాయంత్రం నుంచి పిల్లలకి వచ్చిన పాఠాలే మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది. వచ్చిన ఎక్కాలే, చదివిన కథలే. సంగతి తెలిసి పిల్లలు కూడా జాగ్రత్తపడ్డారు.

"అక్కా, నాకేదో అర్థమయ్యేలా ఉంది, ఆపక్కా!" అని ఒకడు అరిచేవాడు. పక్కవాళ్ళు గబగబా వాడి చెవులు మూసేవాళ్ళు.

బస్సు కదల్లేదు. సేవాసంఘం వాళ్ళు బ్యానరు పట్టుకొచ్చి, హాజరు చూసి మురిసిపోయారు. మానేసినవాళ్ళు లేరు, అల్లరి లేదు, ఒక్కరూ ప్రశ్న అడగరు. "ఇంత చక్కటి కేంద్రాన్ని మేమెక్కడా చూడలేదు" అని ఫొటోలు తీసుకుని వెళ్ళారు. టికెట్టక్క ఆ ఫొటోల్లో నవ్వింది. ఇంటికెళ్ళాక ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకి అన్నం సహించలేదు.

బస్సులు కడిగే ఆవిడ కూతురుని అందరూ బకెట్టు అని పిలిచేవాళ్ళు, చేతిలో అది లేకుండా కనపడదు కాబట్టి. వచ్చే ఆదివారం ఆ పిల్లకి హాస్టలు బడి ప్రవేశ పరీక్ష. అందులో నెగ్గకపోతే తల్లి స్థానంలో పనికెక్కాలి. యాసిడ్ నీళ్ళకి తల్లి వేళ్ళు పగిలి బ్రష్షు పట్టు చిక్కడం లేదు. "చేతులున్నవాళ్ళని పంపు, లేదా మానుకో" అన్నాడు కాంట్రాక్టరు.

"అక్కా, భిన్నాల భాగహారం చెప్పు" అంది బకెట్టు. "అర్ధాన్ని పావుతో భాగిస్తే రెండెలా వస్తుంది? భాగిస్తే తగ్గాలి కదా?"

బస్సంతా బిగుసుకుపోయింది.

"అది వద్దులేవే, కూడికలు చేద్దాం."

"కూడికలొచ్చు. నాకు రానిది చెప్పు."

"చెప్పకక్కా!" పక్కనే కూచున్న బొంగరం లేచి నిలబడింది. నాయనమ్మ టీకొట్లో గాజుగ్లాసులు కడుగుతుంది ఆ పిల్ల. "ఈ బస్సు పోతే మా నాయనమ్మ నన్ను ఈ గంట కూడా వదలదు. నీకంటే పరీక్షుందే, నాకేముంది?"

"ఉంచుకుని ఏం చేస్తావే? రోజూ వచ్చినవే వల్లిస్తున్నాం కదా!"

"వల్లించనీ! కూచుని వల్లిస్తాను. కూచోడానికి నాకు ఇంకెక్కడుంది?"

ఇద్దరిదీ నిజమే. ఇద్దరు పిల్లల్ని ఒకే జానెడు చోటుకోసం కొట్టుకునేలా చేసినవాడెవడో వాణ్ణి తెచ్చి ఈ సీట్లో కూచోబెట్టాలనిపించింది టికెట్టక్కకి. వాడు దొరకడు. దొరికిందల్లా బకెట్టు చేతులు. గోళ్ళ పక్కన తోలు లేచి, తల్లి చేతుల్లాగే తయారవుతున్నాయి.

సుద్దముక్క పక్కన పెట్టేసింది.

"అర బకెట్టు నీళ్ళున్నాయి. పావు బకెట్టు పట్టే డబ్బా ఉంది. ఎన్నిసార్లు తోడితే అయిపోతాయి?"

"రెండుసార్లు." బకెట్టు కళ్ళు పైకెత్తింది. "అంటే... తగ్గించమని కాదు. ఎన్నిసార్లు పడుతుందని అడగడమా?"

కిర్రుమంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వచ్చిన సంతోషం ఎక్కడ బయటపడుతుందోనని బకెట్టు కింది పెదవి కొరుక్కుంది. పిల్లలు ఒక్కొక్కరే దిగి, గీత దాటిన చక్రాన్ని చూసి, అటూ ఇటూ వెళ్ళిపోయారు. బొంగరం మాత్రం వెనక సీట్లో చీకటి పడేదాకా కూచుంది.

మర్నాడు క్రేనొచ్చింది. మేనేజరు తలెత్తకుండా సంతకం పెట్టాడు. బస్సు చోట నల్లటి నూనె మరక మిగిలింది. దానిమీద ఆ వారమే కొత్త బస్సు తెచ్చి నిలిపారు.

బకెట్టు పరీక్ష నెగ్గింది. ఆ చుట్టుపక్కలందరికీ కలిపి ఉన్నది ఒక్క సీటే. అది ఆ పిల్లకొచ్చింది. తల్లి స్థానంలో మాత్రం ఎవరివో చేతులు కావాలిగా. బకెట్టు పెట్టె సర్దుకుంటున్న రోజునే కాంట్రాక్టరు బొంగరాన్ని పనిలోకి తీసుకున్నాడు. టీకొట్టులో మిగిలేదానికంటే కాస్త ఎక్కువొస్తుందని నాయనమ్మే పంపింది.

హాస్టలున్న ఊరికి టికెట్టక్క డ్యూటీ చేసే బస్సులోనే బయల్దేరింది బకెట్టు. కిటికీ పక్కన కూచుంది. పక్క బస్సు అద్దాలు తుడుస్తున్న బొంగరం ఇటు తిరగలేదు. తిరగదని తెలిసే బకెట్టు అటే చూస్తూ ఉంది.

టికెట్టక్క టికెట్ చింపి ఇచ్చింది.

"అక్కా, దానికెవరు చెప్తారు?"

టికెట్టక్క చెయ్యెత్తి తాడు లాగి గంట కొట్టింది.

బస్సు కదిలింది. అందులో ఎవరికో ఏదో అర్థమై కాదు. డీజిలు పోశారు కాబట్టి.