రూతు అడిగిన ఫీజు

అమెరికాలో ప్లెయిన్స్‌బరో ఊళ్లో ఉండే రూతు నర్సు. మంచం పట్టిన మనిషిని మన నడుం పట్టేయకుండా ఎలా లేపాలో ఆమె చెబితే ఎవరికైనా ఇట్టే వచ్చేసేది. చుట్టుపక్కల ఆస్పత్రులు పిలిస్తే వెళ్లి, ఊరికే చెప్పి వచ్చేది.

1983లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ మేనేజర్ ఫోన్ చేశాడు. రెండు వందల మంది నర్సుల ముందు మాట్లాడాలట. ఫీజు ఎంతని అడిగేసరికి రూతు తడబడి, రేపు చెబుతానంది.

సాయంత్రం భర్త దైవాశీర్వాదంతో ఆ మాట చెప్పింది.

"లంచ్ పెడితే చాలంటానండీ. నాలుగు మాటలకి ఫీజేంటి?"

"చర్చిలో చెబితే ఫ్రీ, నేనూ ఒప్పుకుంటా. వీళ్లది బిజినెస్ రూతూ. నర్సుల నడుములు బాగుంటే వాళ్లు డబ్బు కట్టాల్సిన క్లెయిములు తగ్గుతాయి. మూడు వందలు అడుగు."

"మూడు వందల డాలర్లా!"

"నేనే మేనేజర్‌ననుకో. ప్రాక్టీస్ చెయ్యి."

"మూడు వందలండీ... ఎక్కువైతే తగ్గిస్తాను."

అయిదుసార్లు చెప్పించాడు. అయిదుసార్లూ ఆ తోక తగిలించింది.

"అంకె చెప్పి ఊరుకో. ఆ తర్వాత మాట్లాడాల్సింది వాళ్లు," అన్నాడతను నవ్వుతూ.

మర్నాడు ఫోన్ మోగింది. రూతు మూడు వందలంది. అవతల చప్పుడు లేదు. ఆమె పెదవులు కదిలాయి. తగ్గింపు మాట బయటికొచ్చేలోపు దైవాశీర్వాదం డబ్బాలోని అరిసె తీసి ఆమె నోట్లో పెట్టేశాడు. రూతు కళ్లెర్రజేసింది.

"సరే. ప్రయాణం ఖర్చులు కూడా మావే," అన్నాడు మేనేజర్.

"ఊఁ," అంది రూతు. నోరు ఖాళీ లేదు మరి. ఫోన్ పెట్టేశాక నవ్వు ఆగక పొలమారితే, అతనే నెత్తిన తట్టి మంచినీళ్లిచ్చాడు.

మీటింగ్ రోజు హాల్లో, చివరి వరసలో ఉన్న భారీ మనిషి దైవాశీర్వాదాన్ని రూతు స్టేజి మీదికి పిలిచి బల్లపై పడుకోబెట్టింది. ఒక్క ఊపులో లేపి కూర్చోబెడితే హాలంతా చప్పట్లు. తర్వాత ఒక ముసలి నర్సు వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. ఇరవై ఏళ్ల సర్వీసులో తనకిది ఎవరూ చెప్పలేదంటూ కళ్లు తుడుచుకుంది.

తిరిగొస్తూ కార్‌లో రూతు అంది: "ఆదివారం మన చర్చిలో ఆడవాళ్లక్కూడా నేర్పిస్తానండీ. మంచం పట్టిన అత్తని లేపలేకపోతున్నానని కరుణమ్మక్క ఏడుస్తోంది."

"నేర్పించు. పేషెంటుగా నన్నే పడుకోబెట్టు."

రూతు అప్పటికే నిద్రపోయింది. అతను రేడియో తగ్గించి, నిదానంగా వెళ్లే కార్ల కోసం ఉన్న కుడి పక్క లేన్‌లోకి మారి నెమ్మదిగా డ్రైవ్ చేశాడు.