అటకెక్కిన డేగిసా

భూమి అదిరితే అటక మీది సామాన్లు నెత్తిన పడతాయని టీవీలో విన్న పూటే మీరా మొహిద్దీన్ చేపల వల తెచ్చి, బిర్యానీ డేగిసాతో సహా గిన్నెలన్నీ అటకకే బిగించేశాడు. సూళ్లూరుపేటంతా ఊగినా గరిటె కూడా కదలదని జబ్బలు చరుచుకున్నాడు.

మర్నాడు వియ్యంకులు భోజనానికి దిగారు. బియ్యం నానింది, మాంసం ఊరింది, డేగిసా మాత్రం దిగలేదు. ముడులు కోయబోయి రెండు కత్తులు మొండిబారాయి.

"ఇంకో గిన్నె లేదా?" అన్నాడు నిచ్చెన మీంచి.

"అన్నీ నీ వలలోనే ఉండాయి గదా," అంది భార్య జమాల్‌బీ.

"ఇప్పుడెట్టా మరి?"

"ఎట్టేముంది, ఆ భూకంపాన్నే రమ్మను. అదొచ్చి దించిపెడితే పొయ్యి వెలిగిస్తా."

వియ్యంకులు పగలబడి నవ్వారు. మొహిద్దీన్ మాత్రం గోడకు చెవి ఆనించి, ఎక్కడైనా కాస్త అదురుతోందేమోనని ఆశగా విన్నాడు.