పద్దెనిమిదో పేరు

ఎర్లెన్‌రీడ్‌లో ఇంటిపేరు మనిషిది కాదు, ఇంటిది. కమ్మరివారింట్లో కొలిమి చల్లారి వందేళ్లయింది. ఇప్పుడక్కడ ఉంటున్న ఎగీద్ పాల లారీ నడుపుతాడు. అయినా ఊళ్లో అతను కమ్మరి ఎగీదే. కోడలిగా ఎవరొచ్చినా, కొనుక్కుని ఎవరు దిగినా, గడప దాటగానే ఆ పేరు నెత్తిన పడాల్సిందే. మొన్నటికి మొన్న మ్యూనిక్ నుంచి ఒక పళ్ల డాక్టరు శని ఆదివారాలు గడపడానికని మిట్టవారిల్లు కొన్నాడు. పాపం, ఆయన బిళ్ల మీద తన పేరు చెక్కించి తలుపుకు కొట్టుకున్నాడు. ఊరికి మాత్రం ఆయన మిట్టాయనే.

ఇల్లు కూలినా పేరు కూలదు. తోళ్లవారిల్లు ఫ్రెంచి సైనికులు తగలబెట్టి రెండువందల ఏళ్లు దాటింది. అక్కడిప్పుడు దురదగొండి తప్ప ఏమీ లేదు. పేరు మాత్రం ఏటా జనవరి ఇరవైన, ఊరు మొక్కు తీర్చుకునే రోజున, కొండ మీద వినబడుతుంది.

ఆ మొక్కు మహమ్మారి వచ్చిన ఏటిది. ముందు స్వీడన్ దండు వచ్చి తినగలిగింది తిని, మోయగలిగింది మోసుకుపోయింది. దాని వెనకే ప్లేగు వచ్చింది. నూట అరవై మందిలో మిగిలింది నలభై ఒక్కరు. ఆ నలభై ఒక్కరూ కొండ మీద సెబాస్టియన్ స్వామి గుడి ముందు మోకరిల్లి మొక్కుకున్నారు: ఈ పందొమ్మిది ఇళ్లూ నిలబెట్టు, ఏటా ఇంటికొకరు చొప్పున నడిచొచ్చి కనబడతాం. గుమ్మం ముందు ఇళ్ల పేర్లు వరసగా పిలవాలి. ఆ ఇంటి మనిషి "ఉన్నాం" అనాలి. ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింటివాళ్లు పలకాలి. అంతే మొక్కు. పూజా లేదు, పాటా లేదు.

రష్యా మీదికి ఫ్రెంచి చక్రవర్తి వెంట ఆరిళ్ల నుంచి ఆరుగురు వెళ్లి ఒక్కడూ తిరిగి రాలేదు. ఆ ఏడు ఆడవాళ్లు పలికారు. ఎండాకాలమే రాని కరువు ఏట చెట్టు బెరడు దంచి రొట్టెలో కలుపుకున్నారు. అప్పుడూ కాళ్లీడ్చుకుంటూ వెళ్లి పలికారు. మొదటి యుద్ధంలో గంటను దించి ఫిరంగులకని పట్టుకుపోతే, గంట లేకుండానే పలికారు. ఊరి చరిత్రంతా ఆ పేర్ల కాగితంలోనే ఉంది, పేర్లు తప్ప ఇంకో ముక్క రాసి లేకపోయినా.

పిలిచే హక్కు గంటవారిది, అంటే చర్చి గంట కొట్టే ఇంటిది. వాళ్ల పేరు వరసలో ఆఖరిది. దాన్ని పిలిచేదీ వాళ్లే, పలికేదీ వాళ్లే. ఇప్పుడా ఇంట్లో మిగిలింది అఫ్రా ఒక్కతే. డెబ్బై ఎనిమిదేళ్లు, పెళ్లీ పిల్లలూ లేవు. తండ్రి తర్వాత అన్న సైమన్ పిలిచాడు. అన్న పోయాక ఎనిమిదేళ్లుగా తను పిలుస్తోంది.

పందొమ్మిది పేర్లున్న ఆ కాగితంలోంచి గంటవారు చదువుతున్నది పద్దెనిమిదే. పదిహేడో పేరు కాగానే పందొమ్మిదోది. రెండో యుద్ధం అయిపోయిన మరుసటి జనవరి నుంచీ ఇదే తంతు. పద్దెనిమిదో పేరు నేతవారిది. కాగితంలో దాన్ని ఎవరూ కొట్టెయ్యలేదు. చదవలేదు, అంతే.

ఈ ఏడు అఫ్రా గుండె చూసిన డాక్టరు ఇక కొండ ఎక్కొద్దన్నాడు. ఈ ఒక్కసారికీ ఎక్కుతానని ఆవిడ మొండికేసింది. ఈసారి పిలవకపోతే ఆ పేరు ఇక ఎవరి నోటా రాదు. కాగితం మునిసిపాలిటీవాళ్లు అద్దం బిగించి గోడకు పెట్టుకుంటామంటున్నారు.

పొద్దున్నే ఎగీద్ లారీ తెచ్చి గేటు ముందు ఆపాడు.

"పెద్దమ్మా, ఎక్కు. సగం దాకా దింపేస్తా. స్వామికి నేను చెప్పుకుంటాలే."

"నడుస్తామని మొక్కుకున్నార్రా మీ తాతలు. పాల డబ్బాల్తో పాటు వస్తామని కాదు."

"మా అమ్మా ఇదే అంది. ఇద్దరికీ ఇద్దరే. దారిలో పడితే మోసేది మాత్రం నేనే." నవ్వుతూ లారీ అక్కడే వదిలేసి ముందు నడిచాడు.

వాళ్లమ్మ కునీ కోటు బొత్తాలు పెట్టుకుంటూ రోడ్డు మీద నిలబడి ఉంది. డెబ్బై ఆరేళ్లు. కమ్మరివారి కోడలు, నేతవారి ఆడపడుచు. లోరెంజ్ చెల్లెలు.

ఆ పేరు వింటే అఫ్రాకు ఇప్పటికీ ఆ రోజే గుర్తొస్తుంది.

యుద్ధం చివరి ఏప్రిల్ అది. అఫ్రాకు పందొమ్మిదేళ్లు. పాల కోసం పక్కింటికి, నేతవారింటికి వెళ్లింది. అక్కడ తల్లీ కూతురూ తప్ప మగదిక్కు లేదు. తండ్రి పోయాడు, కొడుకు లోరెంజ్ యుద్ధంలో ఉన్నాడు. అలాంటి ఇంట్లో పొయ్యి వెనక మగవాళ్ల మేజోళ్లు ఆరుతున్నాయి. బూడిద రంగువి, ఎర్ర అంచువి. మధ్యాహ్నం తమ ఇంట్లో భోజనాల దగ్గర అఫ్రా నవ్వుతూ అంది, "నేతవారత్తకు ఈ వయసులో మొగుడు దొరికినట్టున్నాడు. మేజోళ్లు ఉతికిపెడుతోంది." సైమన్ అప్పుడు శత్రువుల చెరలో ఉన్నాడు. అమ్మ కిసుక్కున నవ్వింది. నాన్న నవ్వలేదు. ఉడికించిన పిండి ఉండ సగంలో వదిలేసి, టోపీ పెట్టుకుని బయటికి వెళ్లాడు.

సారాకొట్టులో గాలింపు దళంవాళ్లు దిగి ఉన్నారు. సైన్యం నుంచి పారిపోయి వచ్చినవాణ్ణి దాస్తే ఊరు ఊరంతా తగలబెడతామని ముందు రోజే చాటింపు వేశారు. నాన్న పిరికివాడు, దుర్మార్గుడు కాదు. వాళ్లకు చెప్పి ఊరిని కాపాడుతున్నాననుకున్నాడు. మంగళవారం, ఇంట్లో దాక్కున్న లోరెంజ్‌ను వాళ్ల పెరట్లోనే, బేరి చెట్టుకు ఉరి తీశారు. ఇరవయ్యేళ్ల కుర్రాడు. తర్వాత ఆరు రోజులకు అమెరికన్లు వచ్చారు. ఆరంటే ఆరే రోజులు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. అఫ్రా నోరు ఆ రోజు జారింది, ఇంకెవరికీ చెప్పుకోవడానికి మళ్లీ తెరుచుకోలేదు.

మరుసటి జనవరిలో నాన్న పిలుస్తూ పదిహేడో పేరు దాటి తల ఎత్తాడు. గుమ్మం ఎడమపక్క, నీళ్ల తొట్టి దగ్గర, నల్ల శాలువాతో నేతవారత్త నిలబడి ఉంది. పలకడానికి నోరు అప్పుడే సగం తెరిచింది. నాన్న ఆవిడ ముఖం చూశాడు. "గంటవారు. ఉన్నాం," అని కాగితం మడిచేశాడు. ఊరంతా కుక్కిన పేనులా ఊరుకుంది. ఉరి తీసిన రోజు కిటికీ తెరల వెనకనుంచి చూడని ఇల్లేది గనక? ఆవిడ చచ్చేదాకా, పదహారు జనవరులు, అదే చోట వచ్చి నిలబడింది. గంటవారు ఒక్కసారీ ఆ పేరు పిలవలేదు. సైమన్‌కు మేజోళ్ల సంగతి తెలియదు, నాన్న చదివినట్టే చదివాడు. అన్నీ తెలిసిన అఫ్రా కూడా అలాగే చదివింది. ఎనిమిదేళ్లూ ఆ పేరు నాలుక చివరిదాకా రావడం, మింగేయడం.

సగం దారిలో కూర్చునే రాయి దగ్గర ఇద్దరు ముసలమ్మలూ ఆగిపోయారు. మిగతావాళ్లు ముందుకెళ్లారు.

"ఆయాసపడుతున్నావ్," అంది కునీ. "డాక్టరు మాట వింటే నీ సొమ్మేం పోయింది?"

"కునీ, నీకో మాట చెప్పాలి."

"చెప్పు. ఎలాగూ నీకు ఊపిరందేదాకా కదిలేది లేదు."

"మీ అన్న సంగతి."

కునీ చేతికర్ర మంచులో గుచ్చింది. "మీ నాన్నే చెప్పాడని ఊరందరికీ తెలుసు అఫ్రా. పాత సంగతి."

"మా నాన్నకు ఎవరు చెప్పారో తెలుసా?"

"తేనెవారి ఒటీలి. మా పెరడు వాళ్ల కిటికీకి కనబడుతుంది."

"ఒటీలి కాదు. నేను. మీ పొయ్యి వెనక మేజోళ్లు చూశా. ఎర్ర అంచువి. అన్నం దగ్గర నవ్వులాటకి అన్నా. నవ్వులాటకే కునీ, ఒట్టు."

కింద ఊళ్లో ఎవరిదో కుక్క అరిచి మానేసింది.

"ఆ మేజోళ్లు నేనల్లినవి," అంది చివరికి. "ఎర్ర ఊలు మిగిలితే పారేయడమెందుకని అంచు వేశా." తర్వాత గొంతు గట్టిపడింది. "నలభై ఏళ్లు ఒటీలితో మాట్లాడలేదు నేను. పెళ్లికి పిలిస్తే వెళ్లలేదు. చావుబతుకుల్లో కబురు పెడితే వెళ్లలేదు. అదేం పాపం చేసిందో దానికే తెలియకుండా పోయింది. నువ్వు మాత్రం వారం వారం నా దగ్గర గుడ్లు కొనుక్కున్నావు."

కునీ కర్ర ఊడదీసుకుని, చెయ్యందివ్వకుండా, వెనక్కి చూడకుండా ముందుకు నడిచింది. అఫ్రా ఏడుస్తూనే ఆ అడుగుల్లో అడుగులేసుకుంటూ ఎక్కింది.

గుమ్మం ముందు ఈ ఏడు ఏడుగురే. అఫ్రా ముఖం తుడుచుకుని కాగితం విప్పింది.

"మిట్టవారు."

పళ్ల డాక్టరు ఎర్ర కోటులో అటూ ఇటూ చూస్తున్నాడు. ఎగీద్ మోచేత్తో పొడిచాడు. "ఉన్నాం, ఉన్నాం," అన్నాడాయన.

"తోళ్లవారు."

"ఉన్నాం," అన్నాడు ఎగీద్. పక్కిల్లు కాబట్టి అతనే పలకాలి. అలా ఇప్పుడు అయిదిళ్లకు అతనిదే గొంతు.

పదిహేడు పేర్లూ అయిపోయాయి. అఫ్రా పద్దెనిమిదో పేరు మీద వేలు పెట్టింది.

"నేతవారు."

ఎగీద్ తల ఎత్తాడు. నడివయసువాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. వాళ్లు ఆ పేరు పిలుపులో వినడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఎవరూ పలకలేదు. ఎవరూ లేనప్పుడు పక్కిల్లు పలకాలి. నేతవారి పక్కిల్లు గంటవారిదే. అంటే అఫ్రా పలకాలి. ఆవిడ నోరు తెరిచింది. ఆ ఇంటి తరఫున ఉన్నామని ఏ ముఖం పెట్టుకుని అంటుంది? నోరు మూసుకుంది.

"లేరు," అంది కునీ.

మూడువందల డెబ్బై ఏళ్లలో ఆ గుమ్మం ముందు ఎవరూ అనని మాట అది.

"లేరు. మా అమ్మ పదహారేళ్లు వచ్చి ఇక్కడ నిలబడింది. అప్పుడు పిలిస్తే ఉండేది."

"అవును," అంది అఫ్రా. "మేం పిలవలేదు. చేసిందీ మా ఇల్లే." అందరూ విన్నారు.

ఇక ఒక్క పేరు మిగిలింది. కాగితం చూడకుండానే అంది, "గంటవారు."

పలకాల్సింది తనే. ప్రయత్నించింది, గాలి తప్ప ఏమీ రాలేదు. పందొమ్మిదో ఇల్లు జవాబు లేకుండా అలా ఉండిపోయింది. ఎగీద్ జాలిపడి పలకబోయాడు. కునీ అతని చేతి మీద చెయ్యి వేసి ఆపింది. గంటవారిల్లు ఊరి చివరిది, దానికి పక్కిల్లు ఒక్కటే, నేతవారిది.

కునీ కర్ర ఊతంతో నాలుగడుగులు నడిచి, గుమ్మం ఎడమపక్క, నీళ్ల తొట్టి దగ్గర, వాళ్లమ్మ నిలబడే చోట నిలబడింది.

"ఉంది," అంది. "ఒక్కతే ఉంది."

అఫ్రా కాగితం మడవకుండా అలాగే పట్టుకుని ఉంది. కునీ దగ్గరికొచ్చి, ముఖంలోకి చూడకుండా, దాన్ని తీసుకుని నాలుగు మడతలు పెట్టి తన కోటు జేబులో వేసుకుంది.